వర్చువలైజేషన్ సర్వర్లపై వేగు గుర్తింపు

వర్చువలైజేషన్ సర్వర్లపై వేగు గుర్తింపు అనగా, అనేక వర్చువల్ యంత్రాలను మోస్తున్న ఒక సర్వరును దెబ్బతీయదలచినవారు ముందుగా దాని వివరాలను సేకరిస్తున్న దశలోనే, ఆ సర్వరు వ్రాసుకొనే చిట్టాల ఆధారంగా వారి ఉనికిని కనిపెట్టడం. దండు కదలక ముందు వేగులవాళ్ళు కోట గోడల ఎత్తు, కాపలా మారే వేళ, ధాన్యపు కొట్ల సంఖ్య తెలుసుకొని పోవడం పూర్వపు యుద్ధాలలో ఆనవాయితీ. కంప్యూటర్లపై జరిగే దాడులలోనూ ఇదే క్రమం కనబడుతుంది. ఎన్ని యంత్రాలు నడుస్తున్నాయి, వాటి దస్త్రాలు ఎక్కడ ఉన్నాయి, నకళ్ళు ఎక్కడ దాచారు, చిట్టాలు ఎక్కడికి పోతున్నాయి అన్న ప్రశ్నలకు సమాధానం దొరికిన పిమ్మటే అసలు దాడి మొదలవుతుంది.

ఈ దశలో సర్వరుకు ఏ హానీ జరగదు. ఏ దస్త్రమూ మారదు, ఏ సేవా ఆగదు. అందువలన దీనిని గుర్తించడం కష్టం. అయితే నష్టం జరగకుండా ఆపడానికి మిగిలి ఉన్న వ్యవధి కూడా ఇదే. ఈ వ్యాసంలో ఎక్కువగా వీఎంవేర్ సంస్థ రూపొందించిన ఈఎస్‌ఎక్స్‌ఐ అనే హైపర్‌వైజరును ఉదాహరణగా తీసుకొనడం జరిగింది.

హైపర్‌వైజరు, దాని ప్రాముఖ్యం

ఒక భౌతిక యంత్రంలోని ప్రాసెసరును, జ్ఞాపకాన్ని, డిస్కులను పంచి, అనేక స్వతంత్ర యంత్రాలు ఉన్నట్లు భ్రమింపజేసే సాఫ్టువేరును హైపర్‌వైజరు అంటారు. దీనిని మోసే యంత్రం ఆతిథేయి; దానిపై నడిచే వర్చువల్ యంత్రాలు అతిథులు. ఈ భావన కొత్తది కాదు. ఐబీఎం సంస్థ 1972లోనే తన పెద్ద యంత్రాల కొరకు వీఎం/370ని ప్రకటించింది. వీఎంవేర్ సంస్థ 1998లో స్థాపించబడినది. 2001లో ఈఎస్‌ఎక్స్ సర్వరును విడుదల చేసింది. దాని తేలికపాటి రూపమైన ఈఎస్‌ఎక్స్‌ఐ 2007లో వచ్చింది. 2011లో వచ్చిన 5.0 సంచిక నుండి పాత ఈఎస్‌ఎక్స్ నిలిచిపోయి ఈఎస్‌ఎక్స్‌ఐ మాత్రమే మిగిలింది. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ సంస్థ కొనుగోలు చేసింది.

ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలు, ప్రయోగశాల ఫలితాలు, మందుల నిల్వలు, జీతాల లెక్కలు వేరువేరు వర్చువల్ యంత్రాలలో ఉండవచ్చు. ఆ యంత్రాలన్నీ రెండు మూడు ఆతిథేయులపైనే నడుస్తుండవచ్చు. ఒక్కొక్క అతిథి యంత్రంలోనికి విడివిడిగా చొరబడే శ్రమ లేకుండా, ఆతిథేయి చేజిక్కితే అన్నిటినీ ఒకేసారి నిలిపివేయవచ్చు. అతిథి యంత్రపు డిస్కు మొత్తం ఆతిథేయికి ఒక దస్త్రం మాత్రమే కనుక, ఆ దస్త్రాన్ని గుప్తీకరిస్తే లోపల ఉన్నదంతా అందకుండా పోతుంది.

మరొక చిక్కు కూడా ఉన్నది. అతిథి యంత్రాలలో వాడే యాంటీవైరస్ వంటి రక్షణ సాఫ్టువేర్లను సాధారణంగా ఈఎస్‌ఎక్స్‌ఐ లోపల స్థాపించరు. అతిథులకు కాపలా ఉంటుంది గాని ఆతిథేయికి ఉండదు. అక్కడ ఏమి జరిగిందో చెప్పగలిగిన ముఖ్య సాక్షి చిట్టాయే.

చిట్టాల ద్వారా చొరబాటు గుర్తింపు: చరిత్ర

చిట్టాలను పరిశీలించి చొరబాటును కనిపెట్టవచ్చునన్న ఆలోచనను జేమ్స్ ఆండర్సన్ 1980లో అమెరికా వైమానిక దళానికి సమర్పించిన నివేదికలో వివరించాడు. డొరొతీ డెనింగ్ 1987లో ప్రచురించిన పత్రంలో, వాడుకరి మామూలు ప్రవర్తనకు ఒక నమూనా తయారుచేసి, దానికి భిన్నంగా ఉన్నదానిని అనుమానించే పద్ధతిని ప్రతిపాదించింది. నేటి సాధనాలకు ఈ రెండూ పునాదులు.

ఆచరణలో ఈ పద్ధతికి పేరు తెచ్చిన ఉదంతం 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో జరిగింది. కంప్యూటరు వాడకపు లెక్కలలో 75 సెంట్ల తేడా వచ్చింది. ఆ తేడాను సరిచూడమని క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు అప్పగించారు. అతడు నెలల తరబడి ప్రతి ప్రవేశాన్నీ నమోదు చేస్తూ వెంబడించగా, చివరకు ఆ ఆచూకీ పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరంలో ఉన్న మార్కస్ హెస్ దగ్గర తేలింది. ఈ ఉదంతాన్ని స్టోల్ 1989లో "ది కకూస్ ఎగ్" అన్న పుస్తకంగా వెలువరించాడు.

చిట్టాలను ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పంపే సిస్‌లాగ్ విధానాన్ని 1980లలో ఎరిక్ ఆల్‌మన్ బర్క్‌లీలో రూపొందించాడు. దీనికి 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5424 అనే ప్రమాణం ఏర్పడినది. ఈఎస్‌ఎక్స్‌ఐ కూడా ఈ సిస్‌లాగ్ విధానాన్నే వాడుతుంది.

పరిశీలించవలసిన చిట్టాలు

ఈఎస్‌ఎక్స్‌ఐలో చిట్టాలు పనిని బట్టి విడివిడి దస్త్రాలలో ఉంటాయి. వేగు గుర్తింపునకు ముఖ్యమైనవి ఇవి:

• ఆథ్ లాగ్ – ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా జరిగిన ప్రవేశాలు, విఫలమైన ప్రయత్నాలు, అవి వచ్చిన చిరునామాలు.
• షెల్ లాగ్ – ఆదేశ పంక్తిలో వాడుకరి టైపు చేసిన ఆదేశాలు, వాటి సమయాలు.
• హోస్ట్‌డి లాగ్ – ఆతిథేయిని నిర్వహించే ముఖ్య సేవ వ్రాసే చిట్టా. వెబ్ ద్వారాను, ఇతర ప్రోగ్రాముల ద్వారాను జరిగే ప్రవేశాలు, వర్చువల్ యంత్రాలపై జరిగే పనులు ఇందులో ఉంటాయి.
• వాబ్‌డి లాగ్ – ముఖ్య సంఘటనల చిట్టా. ఎస్‌ఎస్‌హెచ్ సేవ ప్రారంభమైనదని, ఖాతాకు తాళం పడినదని ఇందులో నమోదవుతుంది.
• వీపీఎక్స్ఏ లాగ్ – అనేక ఆతిథేయులను ఒకచోట నుండి నడిపే వీసెంటర్‌తో జరిగే సంభాషణ.
• వీఎంకెర్నెల్ లాగ్ – కెర్నెల్ స్థాయి సంఘటనలు, నిల్వ పరికరాల వివరాలు.

ఇందులో ఏ ఒక్క చిట్టా కూడా మొత్తం కథను చెప్పదు. షెల్ లాగ్‌లో ఆదేశం ఉంటుంది గాని, ఆ వ్యక్తి ఏ చిరునామా నుండి వచ్చాడో ఉండదు. ఆథ్ లాగ్‌లో చిరునామా ఉంటుంది గాని, లోపలికి వచ్చి ఏమి చేశాడో ఉండదు. సమయాన్ని ఆధారంగా తీసుకొని రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

బయటి వేగు ఆనవాళ్ళు

దాడి చేసేవారు ఇంకా లోపలికి రాక ముందు తలుపులు తట్టి చూడడం మొదటి అంచె. ఈఎస్‌ఎక్స్‌ఐలో వారు ముఖ్యంగా చూసే ద్వారాలు 22 (ఎస్‌ఎస్‌హెచ్), 443 (వెబ్ నిర్వహణ), 902 (వర్చువల్ యంత్రాల తెర, దస్త్రాల రవాణా), 427 (ఎస్‌ఎల్‌పీ అనే సేవల అన్వేషణ విధానం).

మూసి ఉన్న ద్వారాలను తట్టిన గుర్తులు ఆతిథేయి చిట్టాలలో సాధారణంగా కనబడవు. వాటిని నెట్‌వర్కు ఫైర్‌వాల్ చిట్టాలో వెదకాలి. తెరచి ఉన్న ద్వారాల వద్ద మాత్రం కొన్ని ఆనవాళ్ళు మిగులుతాయి. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారం దగ్గరకు వచ్చి, పరిచయ వాక్యం కూడా పంపకుండా వెళ్ళిపోయిన అనుసంధానాలు ఆథ్ లాగ్‌లో ఉంటాయి. ఇవి చాలావరకు స్కానర్ల పని.

443వ ద్వారం విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈఎస్‌ఎక్స్‌ఐ తన సంచిక, బిల్డ్ సంఖ్యలను ప్రవేశం లేకుండానే అడిగినవారికి చెబుతుంది. నిర్వహణ ప్రోగ్రాములు తమకు తగిన ఆతిథేయియో కాదో తెలుసుకొనడానికి ఈ ఏర్పాటు. అదే ఏర్పాటు వలన, ఒక్క సంకేతపదం కూడా ప్రయత్నించకుండా, ఏ లోపం సరిదిద్దబడలేదో వేగువాడు తెలుసుకొనగలడు. కనుక విఫల ప్రవేశాలు లేవు కాబట్టి వేగు జరగలేదని భావించరాదు.

సంకేతపదాలను ఊహించి చూడడం తరువాతి మెట్టు. ఈఎస్‌ఎక్స్‌ఐ 7.0లో మామూలు అమరిక ప్రకారం వరుసగా 5 సార్లు తప్పితే ఖాతాకు 15 నిమిషాలపాటు తాళం పడుతుంది. ఈ సంగతి వాబ్‌డి లాగ్‌లో నమోదవుతుంది. ఈ లెక్క తెలిసినవారు నాలుగు సార్లు ప్రయత్నించి ఆగి, కొంత వ్యవధి తరువాత మరల ప్రయత్నిస్తారు. అప్పుడు తాళం పడిన జాడ ఉండదు. ఒక్కొక్క సర్వరులో విడిగా చూస్తే రెండు మూడు తప్పులే కనబడతాయి. ఒకే చిరునామా నుండి ఇరవై సర్వర్లలో అవే రెండు మూడు తప్పులు ఉన్నాయా అని చూసినప్పుడే సంగతి బయటపడుతుంది.

లోపలి వేగు ఆనవాళ్ళు

సంకేతపదం దొరికో, లోపాన్ని వాడుకొనో లోపలికి వచ్చిన తరువాత జరిగేది రెండవ అంచె. మైటర్ సంస్థ నిర్వహించే అటాక్ అనే దాడి పద్ధతుల పట్టికలో బయటి వేగుకు, లోపలి అన్వేషణకు వేరువేరు శీర్షికలు ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 17వ సంచికలో ఈఎస్‌ఎక్స్‌ఐని ప్రత్యేక వేదికగా చేర్చారు.

లోపలికి వచ్చినవారు సాధారణంగా వేసే ప్రశ్నలు, వాటికి వాడే ఆదేశాల స్వభావం ఇలా ఉంటుంది:

• ఇది ఏ సంచిక? – "ఈఎస్‌ఎక్స్‌సీఎల్ఐ సిస్టమ్ వెర్షన్ గెట్".
• ఏయే యంత్రాలు నడుస్తున్నాయి? – "ఈఎస్‌ఎక్స్‌సీఎల్ఐ వీఎం ప్రాసెస్ లిస్ట్".
• ఏయే యంత్రాలు నమోదై ఉన్నాయి? – "విమ్-సీఎండీ" ఉపకరణంలోని "గెట్‌ఆల్‌వీఎంస్".
• దస్త్రాలు ఎక్కడ ఉన్నాయి? – "ఈఎస్‌ఎక్స్‌సీఎల్ఐ స్టోరేజ్ ఫైల్‌సిస్టమ్ లిస్ట్".
• ఎవరెవరికి ఖాతాలు ఉన్నాయి? – "ఈఎస్‌ఎక్స్‌సీఎల్ఐ సిస్టమ్ అకౌంట్ లిస్ట్".
• నెట్‌వర్కు అమరిక ఏమిటి? – చిరునామాలను, ప్రస్తుత అనుసంధానాలను చూపే "ఈఎస్‌ఎక్స్‌సీఎల్ఐ నెట్‌వర్క్" ఆదేశాలు.
• చిట్టాలు ఎక్కడికి పోతున్నాయి? – "ఈఎస్‌ఎక్స్‌సీఎల్ఐ సిస్టమ్ సిస్‌లాగ్ కాన్ఫిగ్ గెట్".

ఈ ఆదేశాలన్నీ చూసేవే గాని మార్చేవి కావు. నిర్వాహకులు కూడా ప్రతిదినం వీటినే వాడతారు. కనుక ఫలానా ఆదేశం కనబడితే ప్రమాదమని హెచ్చరిక పెట్టుకుంటే, దినమంతా హెచ్చరికలే వస్తాయి; నాలుగు రోజులకే వాటిని చూసేవారు ఉండరు.

నిర్వాహకుని పనికి, వేగువాని పనికి తేడా

ఈ రెండింటిని వేరుచేసేది ఆదేశం కాదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితి. అయిదు ప్రశ్నలు వేసుకొనవచ్చు.

ఎవరు? – ఈఎస్‌ఎక్స్‌ఐలో "వీపీఎక్స్ యూజర్" అనే ఖాతా ఉంటుంది. ఆతిథేయిని వీసెంటర్‌తో కలిపినప్పుడు ఇది ఏర్పడుతుంది. దీని సంకేతపదాన్ని వీసెంటరే నిర్ణయించి, మామూలుగా 30 రోజులకొకసారి మారుస్తుంది. మనుషులు వాడవలసిన ఖాతా కాదు. వీసెంటర్ చిరునామా నుండి కాక మరొక చోట నుండి ఈ పేరున ప్రవేశం జరిగితే, అది తక్షణం విచారించవలసిన సంగతి.

ఎక్కడ నుండి? – నిర్వహణకు కేటాయించిన ఒకటి రెండు యంత్రాల నుండి మాత్రమే ప్రవేశించాలన్న నియమం ఉన్నచోట, వేరే చిరునామా వెంటనే కంటబడుతుంది. ఆ నియమం లేనిచోట చిట్టా ఎంత బాగున్నా ఉపయోగం తక్కువ.

ఎప్పుడు? – ముందుగా తెలియజేసిన మరమ్మతు వేళలోనా, కాదా? పని పుస్తకంలో నమోదు లేని రాత్రి ప్రవేశం అనుమానాస్పదం.

ఏ క్రమంలో? – నిర్వాహకునికి తన సర్వరు సంచిక, యంత్రాల సంఖ్య ముందే తెలుసు. అతడు ఒక సమస్య కొరకు వచ్చి దానికి సంబంధించిన ఒకటి రెండు ఆదేశాలు ఇచ్చి పోతాడు. ఏమీ తెలియనివాడు మాత్రమే పేరు మొదలుకొని నిల్వల వరకు అన్నీ వరుసగా అడుగుతాడు.

ఎంత వేగంగా? – కొన్ని క్షణాలలో పది ప్రశ్నలు వచ్చాయంటే అది ముందే వ్రాసిపెట్టుకొన్న పట్టిక అయి ఉండవచ్చు.

ఒక ఊహా ఉదాహరణ

ఒక కార్యాలయంలోని ఆతిథేయి చిట్టాలను సమయం వారీగా కలిపితే ఈ క్రింది వరుస వచ్చిందనుకుందాం:

21:03:40 – హోస్ట్‌డి: 10.20.7.41 నుండి రూట్ ఖాతాతో వెబ్ ప్రవేశం.
21:04:11 – వాబ్‌డి: ఎస్‌ఎస్‌హెచ్ సేవ ప్రారంభం.
21:05:02 – ఆథ్: 10.20.7.41 నుండి రూట్ ఖాతాతో ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశం.
21:05:19 – షెల్: సంచిక వివరం.
21:05:31 – షెల్: నడుస్తున్న యంత్రాల జాబితా.
21:05:44 – షెల్: నిల్వల జాబితా.
21:06:10 – షెల్: సిస్‌లాగ్ అమరిక.
21:06:38 – ఆథ్: నిష్క్రమణ.

ఇందులో ఒక్క విఫల ప్రయత్నం లేదు, ఒక్క లోప సందేశం లేదు. ప్రతి పంక్తీ విడిగా చూస్తే సక్రమమే. అయితే 10.20.7.41 అనేది నిర్వహణ యంత్రం కాక జమాఖర్చుల విభాగంలోని ఒక మేజా కంప్యూటరు అయితే? ఈఎస్‌ఎక్స్‌ఐలో ఎస్‌ఎస్‌హెచ్ సేవ మామూలుగా మూసి ఉంటుంది. ఇక్కడ దానిని వచ్చినవారే తెరచారు. వచ్చినవారు ఏ పనీ చేయకుండా నాలుగు ప్రశ్నలు అడిగి వెళ్ళిపోయారు. చివరి ప్రశ్న చిట్టాలు ఎక్కడికి పోతున్నాయన్నది.

ఇక్కడ సమయం గురించి మన దేశపు నిర్వాహకులు ప్రత్యేకంగా గమనించవలసినది ఉన్నది. ఈఎస్‌ఎక్స్‌ఐ చిట్టాలలో సమయం భారత కాలమానంలో కాక సార్వత్రిక కాలమానంలో ఉంటుంది. దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. 21:03 అంటే రాత్రి తొమ్మిది గంటలు కాదు, మరుసటి రోజు తెల్లవారుజామున 2:33. ఆలస్యంగా ఇంటికి వెళ్ళిన ఉద్యోగి పని అనుకొని వదలివేసే వరుస, ఈ లెక్క కట్టగానే వేరే అర్థాన్నిస్తుంది. తేదీ కూడా మారుతుంది కనుక, హాజరు పట్టీతోనో ద్వారపాలకుని పుస్తకంతోనో సరిచూసేటప్పుడు పొరపాటు పడే అవకాశం ఉన్నది.

ప్రసిద్ధ ఉదంతాలు

ఈఎస్‌ఎక్స్‌ఐ ఆర్గ్స్ (2023)

2023 ఫిబ్రవరి మొదటి వారంలో ఈ పేరుగల బలవంతపు వసూలు సాఫ్టువేరు ప్రపంచవ్యాప్తంగా ఈఎస్‌ఎక్స్‌ఐ సర్వర్లను దెబ్బతీసింది. 3,800కు పైగా సర్వర్లు దీని బారిన పడినట్లు అమెరికా ప్రభుత్వ సంస్థలైన సీసా, ఎఫ్‌బీఐ ఫిబ్రవరి 8న ప్రకటించాయి. 427వ ద్వారంలోని ఎస్‌ఎల్‌పీ సేవలో ఉన్న, 2021 ఫిబ్రవరిలోనే సరిదిద్దబడిన సీవీఈ-2021-21974 అనే లోపం దీనికి మార్గమై ఉండవచ్చునని అప్పటి హెచ్చరికలు పేర్కొన్నాయి. ఈ సాఫ్టువేరులోని ఆదేశ పత్రం మొదట నడుస్తున్న యంత్రాల జాబితాను, తరువాత నిల్వల జాబితాను అడిగేది. పైన చెప్పిన ప్రశ్నలే ఇవి. పని పూర్తయిన పిమ్మట ఆ యంత్రంలోని లాగ్ దస్త్రాలను వెదకి తుడిచివేసేది. చిట్టాలు ఆ యంత్రంలోనే ఉంచుకొన్నవారికి చదవడానికి ఏమీ మిగలలేదు.

వీసెంటర్‌లో కూలిన సేవ (2021–2024)

వీసెంటర్‌లోని సీవీఈ-2023-34048 అనే లోపాన్ని 2023 అక్టోబరులో సరిదిద్దారు. దానిని యూఎన్‌సీ3886 అనే బృందం 2021 చివరి నుండే వాడుకొన్నదని మాండియంట్ సంస్థ 2024 జనవరిలో వెల్లడించింది. ఆ సంగతిని పట్టించినది చిట్టాలోని ఒక చిన్న నమోదు: దొంగ ప్రోగ్రాములు దిగడానికి కొద్ది నిమిషాల ముందు "వీఎండిర్‌డి" అనే సేవ కూలిపోయింది. కూలినప్పుడు మిగలవలసిన జ్ఞాపక దస్త్రాలు మాత్రం లేవు. వాటిని ఎవరో తీసివేశారు. కూలిన నమోదు ఉండి, దాని అవశేషం లేకపోవడమే సాక్ష్యమైనది. ఈ బృందం వీసెంటర్ నుండి "వీపీఎక్స్ యూజర్" సంకేతపదాలను సంగ్రహించి ఆతిథేయులలోనికి ప్రవేశించినట్లు కూడా మాండియంట్ 2023లో తెలిపింది.

మైటర్ సంస్థలో చొరబాటు (2024)

దాడి పద్ధతుల పట్టికను నిర్వహించే మైటర్ సంస్థయే చొరబాటుకు గురైనది. ఈ సంగతిని ఆ సంస్థ 2024 ఏప్రిల్‌లో స్వయంగా ప్రకటించింది. ఇవాంటి సంస్థవారి వీపీఎన్ పరికరంలోని లోపాల ద్వారా ప్రవేశించినవారు, 2024 జనవరి మొదటి వారంలో అక్కడి వీసెంటర్‌ను, పలు ఆతిథేయులను పరిశీలించారు. తరువాత "వీపీఎక్స్ యూజర్" ఖాతాతో నేరుగా ఆతిథేయిపై దొంగ వర్చువల్ యంత్రాలను సృష్టించారు. అవి వీసెంటర్ జాబితాలో కనబడవు. ఇటువంటివాటిని కనిపెట్టడానికి నమోదైన యంత్రాల జాబితాను, నిజంగా నడుస్తున్న యంత్రాల జాబితాను పోల్చి చూడాలని మైటర్ సూచించింది. వేగువారు అడిగే రెండు ప్రశ్నలనే నిర్వాహకుడు కూడా అడిగి, సమాధానాలలోని తేడాను పట్టుకొనడం ఈ పద్ధతి.

"ఈఎస్‌ఎక్స్ అడ్మిన్స్" సమూహం (2024)

యాక్టివ్ డైరెక్టరీలో చేరిన ఈఎస్‌ఎక్స్‌ఐ ఆతిథేయులు "ఈఎస్‌ఎక్స్ అడ్మిన్స్" అనే పేరుగల సమూహంలోని సభ్యులకు పూర్తి అధికారం ఇచ్చేవి. ఆ సమూహం లేనిచోట దాడిచేసేవారే దానిని సృష్టించి, తమను చేర్చుకొన్నారు. ఈ లోపాన్ని, సీవీఈ-2024-37085ని, మైక్రోసాఫ్ట్ 2024 జూలైలో వివరించింది, 8.0 అప్‌డేట్ 3లో సరిదిద్దబడినది. ఇక్కడ ముందస్తు హెచ్చరిక ఆతిథేయి చిట్టాలో కాక, డొమైన్ నియంత్రికలోని విండోస్ చిట్టాలో ఉంటుంది. కొత్త సమూహం ఏర్పడినప్పుడు 4727, సభ్యుని చేర్చినప్పుడు 4728 సంఖ్యగల నమోదులు వస్తాయి.

చిట్టాలను భద్రపరచడం

ఆతిథేయిపై రూట్ అధికారం సంపాదించినవారు అక్కడి చిట్టాలను కూడా మార్చగలరు. తన నేరాన్ని నమోదు చేసే పుస్తకం నిందితుని చేతికే చిక్కినట్లు అవుతుంది. పైగా శాశ్వత నిల్వ ఏర్పాటు చేయని ఈఎస్‌ఎక్స్‌ఐలో చిట్టాలు తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉండి, యంత్రం తిరిగి ప్రారంభమైతే అదృశ్యమవుతాయి. అందుచేత ఈ క్రింది జాగ్రత్తలు తీసుకోవాలి:

• ప్రతి పంక్తినీ వ్రాసిన వెంటనే వేరొక సర్వరుకు పంపాలి. ఈఎస్‌ఎక్స్‌ఐలో ఇందుకు "సిస్‌లాగ్ గ్లోబల్ లాగ్‌హోస్ట్" అనే అమరిక ఉన్నది. మామూలు రవాణాకు 514, గుప్తీకరించిన రవాణాకు 1514 ద్వారాలు వాడతారు.
• ఆ చిట్టా సర్వరు అదే ఆతిథేయిపై నడిచే వర్చువల్ యంత్రం కాకూడదు. ఆతిథేయి పోతే అదీ పోతుంది.
• నిర్వాహకుల సంకేతపదాలే చిట్టా సర్వరుకు ఉండరాదు.
• అన్ని యంత్రాల గడియారాలూ ఎన్‌టీపీ ద్వారా ఒకటిగా ఉండాలి. లేకుంటే ఆథ్ లాగ్, షెల్ లాగ్ పంక్తులను జతపరచడం అసాధ్యం.
• చిట్టాలు రావడం ఆగినప్పుడు హెచ్చరిక రావాలి. పది నిమిషాలకొకసారి పలికే సర్వరు గంటసేపు మౌనంగా ఉంటే, ఆ మౌనమే ఒక నమోదు.
• ఎస్‌ఎస్‌హెచ్‌ను అవసరమైనప్పుడు మాత్రమే తెరవాలి. నిత్యం తెరచి ఉంచితే, "సేవ ప్రారంభమైనది" అన్న విలువైన పంక్తి ఎన్నడూ రాదు. ఆతిథేయిపై నేరుగా ప్రవేశాన్ని నిరోధించే లాక్‌డౌన్ స్థితిని వాడడం మేలు.

ఇతర హైపర్‌వైజర్లు

లినక్స్‌లోని కేవీఎంపై "వర్ష్ లిస్ట్" వంటి ఆదేశాలతో ఇదే అన్వేషణ జరుగుతుంది. అక్కడ ఆడిట్‌డి చిట్టాలో ఆదేశాల అమలును నమోదు చేయించుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ హైపర్-వీలో "గెట్-వీఎం" వంటి పవర్‌షెల్ ఆదేశాలు, స్క్రిప్ట్ బ్లాక్ నమోదును ప్రారంభించి ఉంచితే, 4104 సంఖ్యతో కనబడతాయి. ప్రవేశాలు 4624, విఫల ప్రవేశాలు 4625 సంఖ్యలతో ఉంటాయి. పేర్లు మారినా అడిగే ప్రశ్నలు మారవు.

భారతదేశంలో నిబంధనలు

భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్, సమాచార సాంకేతిక చట్టం (2000)లోని 70బీ విభాగం క్రింద 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు జారీచేసింది. వీటి ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల చిట్టాలను 180 రోజులపాటు భద్రపరచాలి. సంఘటన తెలిసిన 6 గంటలలోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. గడియారాలను జాతీయ సమాచార కేంద్రం లేక జాతీయ భౌతిక ప్రయోగశాల వారి ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటిని అనుసరించే సర్వర్లతో సరిచూసుకోవాలి. తెలియజేయవలసిన సంఘటనల జాబితాలో మొదటి అంశమే, కీలకమైన నెట్‌వర్కులను, వ్యవస్థలను లక్ష్యంగా చేసుకొని వేగు చూడడం. అనగా నష్టం జరిగిన తరువాతనే కాక, వేగు దశలోనే తెలియజేయాలని నిబంధన ఉద్దేశం.

పరిమితులు

చిట్టాల ద్వారా అన్నీ తెలియవు. అంతర్జాలానికి తెరచి ఉన్న యంత్రాల వివరాలను ముందే సేకరించి ఉంచే షోడాన్ వంటి శోధన యంత్రాలలో ఎవరైనా వెదికితే, ఆ వెదకులాట సర్వరు చిట్టాలో కనబడదు. షెల్ లాగ్‌లో టైపు చేసిన పంక్తి మాత్రమే ఉంటుంది. ఒక ఆదేశ పత్రాన్ని నడిపితే దాని పేరు తప్ప లోపలి ఆదేశాలు తెలియకపోవచ్చు. తనను తాను పరిచయం చేసుకొనే ప్రోగ్రాము హోస్ట్‌డి లాగ్‌లో అబద్ధపు పేరు చెప్పవచ్చు. నిర్వాహకుని యంత్రమే శత్రువు చేతిలో ఉంటే ఖాతా, చిరునామా, వేళ అన్నీ సరిగానే కనబడతాయి. అప్పుడు ప్రశ్నల క్రమం ఒక్కటే ఆధారం.

అన్నిటికన్నా పెద్ద పరిమితి చదివేవారు లేకపోవడం. నిర్వాహకుడు తన సర్వరులో మామూలు దినం ఎలా ఉంటుందో ముందుగా తెలుసుకొని ఉంటేనే మామూలు కానిది కంటబడుతుంది. వారానికి ఒకసారైనా ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశాల జాబితాను పని పుస్తకంతో సరిచూసి, ప్రతి ప్రవేశానికీ ఒక మనిషి పేరు, ఒక కారణం వ్రాయగలగాలి. కారణం వ్రాయలేని ప్రవేశం ఒక్కటి మిగిలినా విచారణ అక్కడ నుండే మొదలుపెట్టాలి.

ఇవి కూడా చూడండి

• హైపర్‌వైజరు
• వర్చువల్ యంత్రం
• సిస్‌లాగ్
• కంప్యూటరు భద్రత
• సెర్ట్-ఇన్